లక్ష లీటర్ల అర్జీ: చిత్తూరు జిల్లా మున్సిపాలిటీలో ఓ నీళ్ళ కేసు

ఇది చిత్తూరు జిల్లాలోని ఒక మున్సిపాలిటీలో 2017 వేసవిలో జరిగింది. అప్పుడు నేను అక్కడ నీటి సరఫరా చూసే ఇంజినీరుని. ఊరి పేరు, అర్జీదారు వివరాలు చెప్పను. గుర్తుపట్టే వీలున్నచోట అంకెల్ని కూడా కాస్త అటూ ఇటూ చేశాను. లెక్క తీరు మాత్రం మార్చలేదు. కొత్తగా చేరిన ఏఈలు (అసిస్టెంట్ ఇంజినీర్లు) ఫోన్ చేసి, "ఫలానా కంపెనీవాళ్ళు నీళ్ళడుగుతున్నారు సార్, కౌన్సిల్‌లో పెట్టమంటారా?" అని అడిగినప్పుడల్లా నేను చెప్పేది ఈ కేసే. ముక్కలు ముక్కలుగా చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే మేలనిపించింది.

నేపథ్యం

ఊరి జనాభా యాభై వేల లోపల. దగ్గర్లో జీవనది లేదు, రిజర్వాయరు లేదు. ఉన్నవన్నీ బోర్లే: పెద్ద చెరువు లోపల కొన్ని, కట్ట కింద ఆయకట్టులో కొన్ని, వేసవిలో రైతుల దగ్గర అద్దెకు తీసుకునేవి కొన్ని. 2015 నవంబరు వానలకు జిల్లాలో చాలా చెరువుల్లాగే మా చెరువూ అలుగు పారింది. ఆ నీళ్ళతో 2016 గడిచిపోయింది. ఆ ఏడాది చివర ఈశాన్య రుతుపవనం ముఖం చాటేసింది. మా వైపు చెరువుల్లోకి నీళ్ళు చేరేది ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానలకే. అవి తప్పాయంటే మళ్ళీ ఏడాది దాకా బోర్లలో ఊట తగ్గడమే. 2017 మే నాటికి చెరువులో పశువులు మేస్తున్నాయి.

భూగర్భ డ్రైనేజీ ఉన్న పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు, లేనిచోట 70 లీటర్లు ఇవ్వాలని అప్పటి కేంద్ర ప్రభుత్వ ప్రజారోగ్య ఇంజినీరింగ్ మాన్యువల్ చెప్పేది. మాది రెండో రకం. ఆ లెక్కన రోజుకు 35 లక్షల లీటర్లు కావాలి. మేం పంపుతున్నది 22 లక్షలు, అదీ మోటార్లన్నీ సరిగ్గా తిరిగిన రోజున.

పల్లంలో ఉన్న వార్డులకు రెండు రోజులకోసారి నీళ్ళు వదిలేవాళ్ళం. గుట్ట వైపు వార్డులకు ఎగువ ట్యాంకు నుంచి నాలుగు రోజులకోసారి. ఆ ఎగువ ట్యాంకుకు చెరువులోని బోర్లు తప్ప వేరే దిక్కులేదు. వాటి నుంచి రోజుకు వచ్చేది సుమారు 6 లక్షల లీటర్లు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, కేసంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

వచ్చిన అర్జీ

ఊరి శివారులో ఒక మామిడి గుజ్జు పరిశ్రమ ఉంది. మా వాళ్ళంతా జ్యూస్ ఫ్యాక్టరీ అంటారు. తోతాపురి సీజన్ జూన్‌లో మొదలై ఆగస్టు దాకా నడుస్తుంది. ఆ మూడు నెలలే వాళ్ళకు సంవత్సరం. సొంత బోర్లు ఎండిపోయాయి కాబట్టి సీజన్ అయ్యేదాకా రోజుకు లక్ష లీటర్లు కావాలని అర్జీ పెట్టుకున్నారు. మేం ఏ రేటు వేస్తే ఆ రేటు కడతామన్నారు. పైగా చెరువులో మరో రెండు బోర్లు తమ ఖర్చుతో వేయించి, పైపులైను లాగి, మున్సిపాలిటీకే రాసిస్తామన్నారు. గుట్ట వైపు వార్డులో ఒక ఆర్వో ప్లాంటు కూడా పెట్టిస్తామన్నారు.

అర్జీ వెనక దురాశ ఏమీ లేదు. అది ముందే చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి కథల్లో కంపెనీవాణ్ణి విలన్ చేస్తే ఆలోచించే పని తప్పుతుంది. ఫ్యాక్టరీ ఆగితే నష్టపోయేది యజమాని ఒక్కడే కాదు. ర్యాంపుల దగ్గర, అంటే కాయలు కొనేచోట, ట్రాక్టర్లు బారులు తీరుతాయి. ఒక రైతు నా ఆఫీసుకే వచ్చి అన్నాడు: "లోడు రెండు దినాలు ఎండలో నిలబడితే కాయంతా మెత్తబడి పోతాది సార్. మాకు నీళ్ళు ఈయొద్దు, ఫ్యాక్టరీకి ఈండి చాలు." కాయలు కోసి, ముక్కలు చేసి, టెంకలు తీసే పనికి వెళ్ళే ఆడవాళ్ళలో సగం మంది మా గుట్ట వైపు వార్డులవాళ్ళే. నీళ్ళు చాలక మా మీద కేకలేసేదీ వాళ్ళే.

అర్జీ వచ్చిన తీరు మాత్రం బాగాలేదు. మే నెల సాధారణ సమావేశంలో అసలు ఎజెండా అయిపోయాక టేబుల్ ఎజెండాగా చదివారు. ఎవరి చేతిలోనూ కాగితం లేదు. జాతర అయిపోయి రెండు మూడు రోజులైందేమో, సభ్యులందరికీ ఇంటికెళ్ళే తొందర. లక్ష లీటర్లంటే ఎంత అని ఒక సభ్యురాలు అడిగారు. "మొత్తంలో నూటికి నాలుగున్నర మేడమ్" అని జవాబొచ్చింది. అది అబద్ధం కాదు. 22 లక్షల్లో లక్ష అంటే అంతే. కానీ ఆ లక్ష వచ్చేది 22 లక్షల్లోంచి కాదు, చెరువు బోర్లు ఇచ్చే 6 లక్షల్లోంచి. ఫ్యాక్టరీ గేటు ముందు నుంచి పోతున్నది ఆ పైపులైనొక్కటే.

మొదట ఆలోచించింది

పరిశ్రమకు నీళ్ళివ్వడం మా పని కాదని ఒక్క ముక్కలో తేల్చేద్దామని కొందరు సిబ్బంది అన్నారు. ఆ దారి మూసుకుపోయింది. రాజ్యాంగం 243డబ్ల్యూ అధికరణ కింద ఉన్న పన్నెండో షెడ్యూలులో పట్టణ సంస్థల పనుల్లో గృహ, పారిశ్రామిక, వాణిజ్య అవసరాలకు నీటి సరఫరా అని స్పష్టంగానే ఉంది. కాబట్టి "మా పరిధి కాదు" అని రాస్తే రేపు అదే కాగితం పట్టుకుని కోర్టుకు వెళ్తారు.

మరోవైపు "డబ్బు కడతానంటున్నాడు, ఇచ్చేయండి" అన్నవాళ్ళకు చూపించడానికి రెండు సుప్రీంకోర్టు తీర్పుల సారాంశం తయారుచేశాం. ఒకటి 1991లో వచ్చింది. బెంగళూరులో పార్కు కోసం వదిలిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్‌హోముకు కేటాయిస్తే కోర్టు కొట్టేసింది. ఆసుపత్రి మంచిదే, కానీ పార్కు పోగొట్టుకునేవాళ్ళ సంగతి ఎవరు చూశారన్నది అక్కడి వాదన సారం. రెండోది 1996 డిసెంబరులో, హిమాచల్‌లో బియాస్ నది ఒడ్డున ఒక మోటెల్ కేసు. నదులు, అడవుల్లాంటి వనరులకు ప్రభుత్వం ధర్మకర్త మాత్రమే, యజమాని కాదని చెప్పిన తీర్పు అది. ధర్మకర్త అనే మాట మా కౌన్సిలర్లకు చప్పున ఎక్కింది. గుడి మాన్యాలు ఎట్లా కరిగిపోతాయో మా జిల్లాలో ఎవరికీ వివరించనక్కర్లేదు.

అయితే ఆ తీర్పులు "ఎవరికీ ఇవ్వొద్దు" అని చెప్పలేదు. ఎవరు, ఏం చూసి, ఎవరి తరఫున నిర్ణయించారని అడిగాయి. మా దగ్గర ఆ మూడింటికీ జవాబు లేదు. అప్పటికి మా దగ్గరున్నది ఒక సగటు లెక్క మాత్రమే.

చేసి చూసినవి, నిలవనివి

మే సమావేశంలోనే మధ్యేమార్గంగా ఒక తీర్మానం అయింది: తాత్కాలికంగా, రాత్రిపూట మాత్రమే, మిగులు నీళ్ళు మాత్రమే ఇవ్వాలని. రాత్రి ఎవరికీ నీళ్ళు వదలం కదా, మోటార్లు ఖాళీగానే ఉంటాయి కదా అన్నది దాని వెనక తర్కం. వినడానికి బాగానే ఉంటుంది.

మా నేల కింద ఉన్నది గట్టి రాయి. నీళ్ళు ఆ రాతి పగుళ్ళలోనే ఉంటాయి. పగలంతా తోడితే బోరులో మట్టం పడిపోతుంది. రాత్రి మోటారు ఆగితే పగుళ్ళలోంచి ఊట మెల్లగా వచ్చి చేరుతుంది. అంటే రాత్రి మోటారు ఖాళీగా ఉన్నా, బోరు ఖాళీగా లేదు. మర్నాటి నీళ్ళు అప్పుడే పోగవుతుంటాయి. వాల్వులు తిప్పి వీధులకు నీళ్ళు వదిలే మా టర్న్‌కాక్ ఈ సంగతి తీర్మానం విన్న రోజే చెప్పాడు: "సార్, అర్ధరాత్రి ఆపితేనే తెల్లారేసరికి బోరు నిండేది. రెండు పూట్లా తోడితే యాడ్నించి వస్తాయి?"

జూన్ మొదటి వారానికే ఒక బోరు మోటారు గాలి పీల్చడం మొదలైంది. తెల్లవారి ఐదింటికి నిండాల్సిన ఎగువ ట్యాంకు ఎనిమిదికీ నిండలేదు. గుట్ట వైపు చివరి వీధికి వెళ్ళి చూశాను. కుళాయి తిప్పితే ముందు బుస్సుమని గాలి, తర్వాత ఎర్రటి నీళ్ళు నాలుగు చెంబులు, మళ్ళీ గాలి. ప్లాస్టిక్ బిందెలు గోడవారగా వరసలో ఉన్నాయి. ఒక్కో బిందెకీ నెయిల్ పాలిష్‌తో పేరు రాసి ఉంది. పైన వీధిలో నీళ్ళు తగ్గేదాకా చివరి వీధి గొట్టంలోకి ఒత్తిడి రాదు. పైనవాళ్ళు మోటార్లు బిగించుకుని లాగుతుంటే అసలే రాదు. ఒక పెద్దావిడ మా టర్న్‌కాక్ చేతిలోని వాల్వు కీ వంక చూసి, "అది నీ చేతిలో ఉంటే ఏంటికి నాయనా, నీళ్ళు ఆ పక్కకి పోతా ఉండాయంట కదా" అంది. ఫ్యాక్టరీ సంగతి అప్పటికే ఊరంతా తెలుసు.

దాన్ని సరిదిద్దడానికి కౌన్సిల్ రెండోసారి చేసింది రేటు పెంచడం. వచ్చిన డబ్బుతో గుట్ట వార్డులకు ట్యాంకర్లు తోలిద్దామన్నారు. 5,000 లీటర్ల ట్యాంకరుకు లక్ష లీటర్లంటే రోజుకు ఇరవై ట్రిప్పులు. ట్యాంకర్లు నీళ్ళు నింపుకునేది అదే చెరువు ఆయకట్టులోని రైతుల బోర్ల దగ్గర. ఒక చోట తీసి ఫ్యాక్టరీకిచ్చి, ఆ పక్కనే మళ్ళీ తీసి, డీజిలు కాల్చి, గుట్టెక్కించడం. కరువు రోజుల్లో ఎంత కట్టినా కొత్తగా నీళ్ళు పుట్టవు, ఉన్న నీళ్ళే చేతులు మారతాయి.

రేటు పెంచడంతో ఇంకొకటి కూడా జరిగింది. డబ్బు కట్టినవాడికి అది హక్కయింది. ఒకరోజు సరఫరా తగ్గిస్తే ఫ్యాక్టరీ మేనేజరు రసీదు పట్టుకుని వచ్చాడు. ఆయన తప్పేం లేదు. అదే వారంలో ఒక కల్యాణ మండపం, ఒక ప్రైవేటు స్కూలు, ఒక కొత్త లేఅవుట్ తరఫున అర్జీలు వచ్చాయి. అన్నింటిలోనూ "ఇదివరకు ఫలానావారికి ఇచ్చిన విధంగానే" అన్న వాక్యం ఉంది. ఎవరు రాసిచ్చారో గానీ మూడింటిలోనూ ఒకే చేతిరాత.

లెక్క మార్చడం

అప్పుడు కమిషనరు గారు, నేను కూర్చుని ఒక పని చేశాం. అర్జీలను లీటర్లలో, రూపాయల్లో కాకుండా రోజుల్లో చదవడం. ఎగువ ట్యాంకుకు వచ్చేది 6 లక్షలు, నాలుగు రోజులకోసారి వంతు. అందులోంచి లక్ష తీస్తే మిగిలేది 5 లక్షలు. ప్రతి ఇంటికీ అవే బిందెలు రావాలంటే వంతు 4.8 రోజులకు వస్తుంది. అంటే నాలుగు రోజులది దాదాపు ఐదు రోజులవుతుంది. మనిషికి 70 లీటర్ల లెక్కన చూస్తే ఆ లక్ష 1,400 మందికి పైగా ఒక రోజు నీళ్ళు, అంటే సుమారు మూడు వందల యాభై ఇళ్ళవి.

నూటికి నాలుగున్నర అన్నప్పుడు చేయెత్తని సభ్యులు, "మీ వార్డులో నాలుగు రోజులది ఐదు రోజులవుతుంది" అనగానే కుర్చీల్లో ముందుకు జరిగారు. కౌన్సిలరుకు ఓటరు వచ్చి అడిగేది అదే కదా, ఎప్పుడు వదులుతారని.

రెండో పని, ఫ్యాక్టరీ లోపలికి వెళ్ళి లక్ష లీటర్లు ఎక్కడెక్కడికి పోతున్నాయో చూడటం. ఇది నా దృష్టిలో ఈ కేసులో అన్నిటికంటే ముఖ్యమైన ఘట్టం. అర్జీలో అడిగిన పరిమాణం ఎప్పుడూ ఒకే ముద్ద కాదు. విప్పి చూస్తే కాయలు కడగడానికి కొంత, ఆవిరి పుట్టించే బాయిలరుకు కొంత, యంత్రాలు, నేల కడగడానికి కొంత, కార్మికులకు తాగడానికీ మరుగుదొడ్లకూ కొంత. అన్నింటికంటే పెద్ద వాటా వేడి చేసిన గుజ్జును చల్లార్చడానికి పోతోంది. ఆ చల్లార్చే నీళ్ళు గుజ్జును తాకవు. గొట్టం బయటి నుంచి పారి, గోరువెచ్చగా బయటికొచ్చి, నేరుగా కాలవలో కలుస్తున్నాయి. కాలవలో చేయి పెట్టి చూశాను, వెచ్చటి మంచినీళ్ళు. చివరి వీధిలో వచ్చే ఎర్రనీళ్ళకంటే నయం.

కూలింగ్ టవర్ పెట్టి ఆ నీళ్ళను తిప్పి తిప్పి వాడుకుంటే ఆవిరయ్యేంత మాత్రమే మళ్ళీ పోయాలి. సొంత బోర్లలో నీళ్ళున్నన్నాళ్ళూ వాళ్ళకు ఆ అవసరం తోచలేదు. మేనేజరు, వాళ్ళ మెకానిక్, నేను లెక్కేస్తే అసలు అవసరం రోజుకు 40 వేల లీటర్ల దగ్గర తేలింది. అందులో కార్మికుల తాగునీరు, మరుగుదొడ్ల వాటా 10 వేలు. ఫ్యాక్టరీల్లో మనిషికి షిఫ్టుకు 45 లీటర్లు అనుకుంటే రెండు షిఫ్టుల్లోని రెండు వందల పైచిలుకు మందికి అది సరిపోతుంది.

మిగిలిన 30 వేలకు దారి చూపింది రైతులే. కోతకు ముందు మామిడి తోటకు నీళ్ళు ఆపేస్తారు. అంటే సరిగ్గా ఫ్యాక్టరీకి కావలసిన నెలల్లో కొన్ని తోటల బోర్లు ఊరికే ఉంటాయి. "మాకు ఈయొద్దు, ఫ్యాక్టరీకి ఈండి" అన్న రైతునే పిలిచి, మరి మీ బోరు మాటేమిటని అడిగాం. కాసేపు నసిగాడు. కాయల రేటులో ఏదో సర్దుబాటు చేసుకున్నారు, అందులోకి మేం పోలేదు. వాల్టా చట్టం, అంటే 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం ప్రకారం ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా కొత్త బోరు వేయకూడదు. అందుకని చెరువు దాపున కొత్తవి వద్దని, ఉన్న తోట బోర్లే, అదీ చెరువుకు దూరంగా ఉన్నవే తీసుకోవాలని పట్టుబట్టాం. రోజుకు ఆరు ట్యాంకర్లతో పని నడిచింది.

జూన్ చివర కౌన్సిల్

ఈసారి అంశం అసలు ఎజెండాలోనే, మూడు రోజుల ముందే అందరికీ చేరింది. నాలుగు అర్జీలూ ఒకే కాగితం మీద, ఒకే గళ్ళలో: ఎన్ని లీటర్లు, ఏ బోరు నుంచి, ఏ నెలల్లో, ఏ వార్డు వంతు ఎంత వెనక్కి పోతుంది, నీళ్ళు తగ్గితే ముందు ఎవరికి ఆపాలి. చివరి గడి నింపకుండా ఏ అర్జీనీ కౌన్సిల్ ముందు పెట్టకూడదన్నది కమిషనరు గారి షరతు. కల్యాణ మండపంవాళ్ళు ఆ గడిలో "వర్తించదు" అని రాశారు. వెనక్కి పంపాం.

ఒక సభ్యుడి అన్న ఫ్యాక్టరీకి కాయలు తోలతాడు. ఆ సంగతి అందరికీ తెలుసు. చైర్‌పర్సన్ ఏమీ అనకముందే ఆయన లేచి, "నేను బయట టీ తాగొస్తానక్కా" అని వెళ్ళిపోయాడు. మినిట్స్‌లో మాత్రం ఆయన చర్చలో పాల్గొనలేదని రాయించాం. టీ సంగతి రాయలేదు.

ఎక్కువసేపు నడిచిన వాదన బోర్ల దానం మీద. ఊరికే వస్తున్న ఆస్తిని కాదంటారా అని ఇద్దరు సభ్యులు గట్టిగా నిలబడ్డారు. వాళ్ళ వాదనలో బలం ఉంది. మా జనరల్ ఫండ్‌లో బోరు వేయడానికి కూడా డబ్బుల్లేని పరిస్థితి. దానికి మేం చెప్పింది రెండు మాటలు. ఒకటి, అదే చెరువులో ఇంకో రెండు రంధ్రాలు పొడిచినంత మాత్రాన ఊట పెరగదు, ఉన్న బోర్ల వాటానే పంచుకుంటాయి. రెండు, దానపత్రంలో "రోజుకు లక్ష లీటర్లకు లోబడి" అన్న షరతు ఉంది. షరతుతో వచ్చింది దానం కాదు, ముందుగా కట్టిన బిల్లు. షరతు తీసేసి ఇస్తే తీసుకుందామని తీర్మానించారు. ఫ్యాక్టరీవాళ్ళు మర్యాదగా తప్పుకున్నారు. ఆర్వో ప్లాంటు తర్వాత పక్క పంచాయతీలో వెలిసింది. దాని గురించి ఇప్పటికీ ఆ ఇద్దరు సభ్యులు నన్ను దెప్పుతారు.

చివరికి ఫ్యాక్టరీకి ఇచ్చింది కార్మికుల కోసం రోజుకు 10 వేల లీటర్లు, ఆగస్టు 31 దాకా. ఎగువ వార్డుల వంతు మీద దాని భారం గంటన్నర. చివరి వీధికి నాలుగు రోజులు దాటి ఆలస్యమైతే ఎవరినీ అడగకుండా ఆ కనెక్షన్ ఆపే అధికారం టర్న్‌కాక్‌కే ఇచ్చారు. ఇది చిన్న వాక్యంలా కనిపిస్తుంది గానీ, అంతకుముందు ఆపాలంటే ఫైలు నా దగ్గరికి, కమిషనరు దగ్గరికి, అక్కడి నుంచి ఫోన్ల దగ్గరికి పోయేది. ఫోన్లు మొదలైతే ఇక ఆగేది చివరి వీధి నీళ్ళే. జూలైలో రెండుసార్లు ఆపాడు. రెండుసార్లూ మర్నాడే మళ్ళీ ఇచ్చాడు. మేనేజరు నాకు ఫోన్ చేయలేదు, నేరుగా టర్న్‌కాక్‌కే చేశాడట.

స్కూలుకు తాగునీటి మేరకు ఇచ్చాం. మండపానికీ లేఅవుట్‌కూ ఇవ్వలేదు. లేఅవుట్‌లో అప్పటికి ఒక్క ఇల్లూ లేదు, అడిగింది చెట్లకీ ఆర్చీ దగ్గరి ఫౌంటెనుకీ.

ఇందులోంచి మిగతాచోట్ల పనికొచ్చేవి

నీళ్ళ అర్జీ మీద సగటు లెక్క వేయకండి. ఏ పైపు, ఏ ట్యాంకు, ఆ గొట్టం చివర ఎవరి ఇల్లు, అక్కడి నుంచి వెనక్కి లెక్కేయండి. అర్జీదారు సమావేశానికి వస్తాడు, ఆయన తరఫున మాట్లాడేవాళ్ళూ వస్తారు. చివరి వీధివాళ్ళు ఆ సమయానికి కూలికి పోయి ఉంటారు. కాగితం మీద వాళ్ళ గడి లేకపోతే ఆ గదిలో వాళ్ళు ఉండనే ఉండరు.

అడిగినవాడి అవసరాన్ని విప్పి చూడకుండా ఇవ్వడమూ వద్దు, కాదనడమూ వద్దు. మేం మొదట్లోనే కాదని ఉంటే కూలింగ్ నీళ్ళు కాలవలో పారుతూనే ఉండేవి, ఆడవాళ్ళకు ఆ మూడు నెలల పని పోయేది. తాత్కాలికం అని రాసేటప్పుడు తేదీ రాయండి. తేదీ లేని తాత్కాలికం మా మున్సిపాలిటీలో 1990ల నుంచి నడుస్తున్నవి ఉన్నాయి.

ఆ గళ్ళ కాగితం తర్వాతి సీజన్లో కూడా వాడారు. 2014లో ఎన్నికైన ఆ కౌన్సిళ్ళ గడువు 2019 జూలైలో ముగిసి, 2021 మార్చి ఎన్నికల దాకా ప్రత్యేకాధికారుల పాలన వచ్చింది. నేను అప్పటికే బదిలీ అయ్యాను. ఇప్పుడది అక్కడ వాడుకలో ఉందో, బీరువాలో ఉందో ఎవరినీ అడగలేదు. నాకు తెలిసి దానికి దొరకనిది ఒకటుంది: ప్రైవేటు ట్యాంకర్లు. మేం కాదన్న కల్యాణ మండపం ఆ శ్రావణంలో పెళ్ళిళ్ళన్నీ ట్యాంకర్ల నీళ్ళతోనే చేసింది. అవి నిండింది అదే చెరువు ఆయకట్టులో, మా బోర్లకు కాస్త అవతల. ట్యాంకరు యజమాని మున్సిపాలిటీకి అర్జీ పెట్టడు కాబట్టి ఆయన లీటర్లు ఏ గడిలోకీ రావు. దానికి రెవెన్యూ వాళ్ళతో కలిసి వేరే పద్ధతి కావాలి. వాల్టా కింద ఎక్కడైనా ట్యాంకర్లు నింపే బోర్లను గట్టిగా నమోదు చేయించిన ఇంజినీర్లుంటే, ఎలా చేశారో రాయండి.